బాలింత పాలగిన్నె

ఈ మాట నాలో పడి ఉండి ఏళ్లు గడిచాయి. దేవుడి ముందు కూడా సగమే చెప్పాను. మిగతా సగం దగ్గరికి వచ్చేసరికి గబగబా హారతి ఇచ్చి లేచిపోయేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

నా ఆడబిడ్డ సుజాత తొలి కాన్పుకు ఆర్మూరులో మా ఇంటికి వచ్చింది. ఎనభైల నడుమ మాట. తొలి కాన్పు తల్లిగారింట్లోనే కదా. కొడుకు పుట్టాడు. బాల్కొండలో ఆమె అత్తగారింటి వాళ్లు పేడాలు పంచారట. మా ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

నవ్వానా? అంతకుముందు ఎండాకాలం నేనూ ఒక కొడుకును కన్నాను. పురుడు కడగకముందే పోయాడు. బిడ్డ పోయిన సంగతి పాలకేం తెలుసు, రవిక తడుస్తూనే ఉండేది. మా అత్త మల్లెపూలు తెచ్చి, గుడ్డలో పరిచి నా రొమ్ములకు కట్టింది. మల్లెలు కడితే పాలు ఎండిపోతాయని మా వైపు నమ్మకం. ఎండిపోయాయి. అత్తనేమీ అనను, కట్టేటప్పుడు ఆమె కూడా ఏడ్చింది.

సుజాత వచ్చింది పసుపు ఉడకబెట్టే రోజుల్లో. అత్త, నా భర్త పొద్దున్నే కళ్లానికి పోతే పొద్దుగూకేదాకా రారు. బాలింతను చూసుకునే పని నాది. పాలు బాగా పడాలని అత్త పిల్లిపీచర వేర్లు తెప్పించింది. వాటి పొట్టు తీసి, నడుమ ఉండే గట్టి నార లాగేసి, మెత్తగా నూరి, బెల్లం వేసి పాలల్లో కాచాలి. విసుగు పని. నేను మాత్రం ఒక్కనాడూ విసుక్కోలేదు. శ్రద్ధగా నూరాను. శ్రద్ధగా కాచాను.

కాచి, నేను తాగాను.

సుజాతకు ఉత్త బెల్లం పాలు ఇచ్చాను. ఆ వేరు రుచి ఎలా ఉంటుందో ఆమెకేం తెలుసు! కంచే చేను మేయడం అంటారే, అది నేనే. అసూయా? కాదనను. కానీ ఆ అసూయ కింద ఇంకొకటి ఉంది. ఎండిన పాలు మళ్లీ వస్తే నా కొడుకు పూర్తిగా పోనట్టే అనిపించింది. పిచ్చి లెక్క. ఆ రోజుల్లో నాకు వేరే లెక్క తెలియలేదు.

చూశారా, అసలు సంగతి ఇంకా చెప్పనే లేదు. ఇక్కడా తప్పించుకోబోయాను. సుజాత తలంటుకుని, సాంబ్రాణి పొగ వేసుకుని మధ్యాహ్నం ఒళ్లెరగకుండా నిద్రపోయేది. పిల్లవాడు కదలగానే ఎత్తుకుని వంటింట్లోకి పోయి, తలుపు వేసి, నా రొమ్ము ఇచ్చేదాన్ని. మొదట ఏమీ రాలేదు. చీకి చీకి ఏడ్చేవాడు. కొన్నాళ్లకు చుక్కలు వచ్చాయి. అబ్బ, ఆ చుక్కలు! సిగ్గు విడిచి చెబుతున్నాను, నా జన్మలో అంత సంతోషం ఎరగను. వాటితో వాడి కడుపు నిండదని తెలుసు. సుజాత లేచేసరికి వాడు అలసిపోయి నిద్రపోయేవాడు. ఎంత లేపినా తల్లి దగ్గర నోరు తెరిచేవాడు కాదు.

ఆమె పాలు తగ్గాయి. పిల్లవాడు సన్నబడ్డాడు. అత్తకు భయం పట్టుకుంది, ఆ భయమంతా కూతురి మీద కోపమై దిగింది.

“పోరడు ఏడ్సి ఏడ్సి గొంతు పోవట్టె. ఏం పెయ్యే నీది? మీ అత్తగారోళ్లు అడిగితే ఏం మొఖం పెట్టుకొని చెప్పాలె?”

తన ఒంటినే తప్పుపట్టేసరికి సుజాత తల వంచుకుంది. అత్త అటు వెళ్లాక నా చెయ్యి పట్టుకుంది.

“వదినా, నువ్వు గింత కష్టపడి నూరి ఇస్తున్నవ్. నాకే ఎందుకు పడుతలేవు?”

“కొందరికి గంతే పిల్లా. ఫికర్ చెయ్యకు.”

“నీ తప్పేం లేదు వదినా. నా పెయ్యే గసోంటిది.”

నన్ను ఓదారుస్తోంది! అప్పుడైనా చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు? ఇంట్లోంచి వెళ్లగొడతారనా, ఆ పిల్లవాణ్ణి మళ్లీ ముట్టనివ్వరనా? రెండోదే అనుకుంటాను. డబ్బా పాలు వచ్చాయి, వాడు బతికాడు. నేను వాణ్ణి మళ్లీ వంటింట్లోకి తీసుకుపోలేదు. నా చుక్కలూ ఆగిపోయాయి.

తొంభైల్లో సుజాతకు కూతురు పుట్టింది. దవాఖానాలో తోడుగా నేనే ఉన్నాను. నర్సమ్మ బిడ్డను రొమ్ముకు అందించబోతే సుజాత చెయ్యి అడ్డం పెట్టింది.

“నాకు పాలు పడయమ్మా. డబ్బ తెప్పియ్యిండ్రి.”

“గట్లెట్ల పడయి? ఏ వేరు తాగినా తాగకున్నా, బిడ్డ సీకితెనే పాలూరుతయి,” అంది నర్సమ్మ.

గిన్నె ఒక్కటే దొంగిలించాననుకున్నాను ఇన్నాళ్లూ. ఆ మధ్యాహ్నాలు అంతకన్నా పెద్ద దొంగతనమని ఆ క్షణాన తెలిసింది.

“మా వదిననడుగుండ్రి,” అంది సుజాత. “ఆమెకు అంతా తెల్సు.”

నర్సమ్మ నా వైపు చూసింది. అవును, పాలు పడవని నేను తల ఊపాను.

మొదటిసారి చేసింది దుఃఖంలో చేశాను. రెండోసారి? దానికి ఏ దుఃఖమూ అడ్డం రాదు. నాకు మాఫీ వద్దు, ఇచ్చే హక్కున్నది సుజాత ఒక్కతే, ఆమెకు చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. నర్సమ్మకు ఆ రోజు ఇవ్వాల్సిన జవాబు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను. రాస్తుంటే జర ఊపిరి ఆడుతోంది.

పడతయమ్మా. మా సుజాతకు పాలు పడతయి. బిడ్డనియ్యి.