ఒక సీజన్ ఊరికే పనిచేయమన్న పెద్దమనిషి

వరుసగా ఓడిపోయే జట్టును తయారుచేసి, అందుకు ఉద్యోగం పోగొట్టుకుని, ఏడాది తిరగకముందే ఇంకా పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషిని మీరైతే ఏమంటారు? మా కాలేజీ ఆయనను స్ఫూర్తిప్రదాత అన్నది. మేం చదువుకోవడానికి వచ్చిన ఈ దేశంలో, ఎటోబికో పేటలో ఏ బేస్‌మెంటు తలుపు తట్టినా మన పిల్లలే కనిపించిన రోజులవి. అంతమందిని చేర్చుకుని ఉద్యోగాలు చూపించలేని కాలేజీ, ఉద్యోగాలున్న మనుషులను మాత్రం తెచ్చి చూపించేది. ఆ వరుసలో వచ్చినవారే ఒక ప్రొఫెషనల్ బేస్‌బాల్ జట్టు ప్రెసిడెంటు.

నాతో బేస్‌మెంటు పంచుకున్న అక్క నిజామాబాద్ వైపు అమ్మాయి. మా కాలేజీలోనే స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ పూర్తిచేసి, ఎయిర్‌పోర్టు దగ్గరి వేర్‌హౌసులో షిఫ్ట్ సూపర్‌వైజరుగా చేస్తుండేది. ఆమె చేతిలో ఉన్నది ఒక్కసారే ఇచ్చే వర్క్ పర్మిట్. అది ముగిసేలోగా సూపర్‌వైజరుగా ఏడాది అనుభవం పూర్తయితే పీఆర్‌కు, అంటే శాశ్వత నివాసానికి, అప్లై చేయవచ్చు. కాకపోతే పెట్టె సర్దుకోవాలి. ఆ ఏడాదిలో అప్పటికి సగం గడిచింది. ప్రెసిడెంటుగారి ప్రసంగానికి పాత విద్యార్థులకూ ఆహ్వానం ఉందని తెలిసి, ఆ రోజు సెలవు పెట్టి మరీ నాతో వచ్చింది.

ప్రెసిడెంటుగారు తన ఎదుగుదలను మెట్టు తరువాత మెట్టుగా వర్ణించారు. మొదట ఒక చిన్న ఊరి జట్టులో జీతం లేకుండా, వాన పడినప్పుడల్లా మైదానం మీద టార్పాలిన్లు లాగారట. తరువాత కుర్రాళ్ల ఆట చూసి ఎవరిని తీసుకోవాలో చెప్పే స్కౌటు. ఆపైన ఆటగాళ్లను కొని, మార్చి, వదిలించుకునే జనరల్ మేనేజరు. ఆయన ఏరికోరి తెచ్చిన, బంతి విసిరే పిచ్చరు భుజం మొదటి నెలలోనే పోయింది. జట్టు పట్టికలో అట్టడుగుకు చేరింది. ఆయనను తీసేశారు, కాంట్రాక్టు ముగిసేదాకా జీతం మాత్రం ఆగలేదు. ఆ తీరిక సమయంలోనే ఇంకో జట్టు సలహాదారుగా పిలిచి, ప్రెసిడెంటును చేసింది. “ఓటమే నా గురువు,” అన్నారు. ఒక్క సబ్జెక్టు తప్పితే స్టడీ పర్మిట్ ఏమవుతుందోనని బెంగపడే పిల్లలు, ఆ గురువుగారికి చప్పట్లు కొట్టారు.

మాలాంటివాళ్లు ఈ రంగంలోకి ఎలా రావాలని అక్క లేచి అడిగింది.

“మీలాంటివాళ్లే మాకు కావాలి,” అన్నారాయన. “ఒక సీజన్ వాలంటీరుగా రండి. నేనూ అలాగే మొదలుపెట్టాను.”

ఈ దేశంలో అలాంటి మాటకు గుమ్మం దగ్గర చెప్పే ‘మళ్లీ కలుద్దాం’ పాటి విలువే ఉంటుంది. మన దగ్గర పెద్దమనిషి నలుగురి ముందు అంటే, అది మాటిచ్చినట్టే. అక్క ఏ దేశపు చెవితో విన్నదో ఆమె ముఖమే చెప్పింది.

నేను మైకు అడిగాను. ప్రశ్న ఒక్కటే వేయాలని, జవాబు పూర్తయ్యేదాకా కూర్చోకూడదని కాలేజీ డిబేట్లలో మాకు నేర్పారు. “జీతం లేని ఆ సీజన్‌లో మీరు ఎక్కడ ఉండేవారు, తిండి ఎవరు పెట్టారు?”

ఆయన హాయిగా నవ్వారు. “మా అమ్మ. మా ఇల్లు స్టేడియం వెనక వీధే. జట్టు ఓనరూ మా నాన్నా కలిసి గోల్ఫ్ ఆడేవారు.”

ఇందులో దాచాల్సింది ఏమీ ఆయనకు కనిపించలేదు. హాలుకూ కనిపించలేదు, దీనికీ చప్పట్లే. ఆయన కథలో అబద్ధం లేకపోవడమే నాకు ఎక్కువ రోత పుట్టించింది. ఎవరో తెరిచి పట్టుకున్న తలుపులోంచి లోపలికి వచ్చిన మనిషి, తన నడక గొప్పతనం గురించి గంటసేపు ఉపన్యసించారు.

బస్సులో అక్క నా మీద విరుచుకుపడింది.

“అంత పెద్దమనిషిని పట్టుకొని తిండెవరు పెట్టిన్రని అడుగుతవా? ఇజ్జత్ తీసినవ్.”

“ఆయన ఇజ్జత్‌కేం కాలేదక్కా, చప్పట్లు పడ్డాయిగా. నువ్వు మాత్రం వేర్‌హౌస్ మానకు. వాలంటీర్ పని పీఆర్‌కి కౌంట్ అవ్వదు.”

“సీజన్ అయినంక జాబ్ ఇస్తరు గదా. అందరి ముంగట అన్నడు.”

“రమ్మన్నాడు. ఇస్తానని అనలేదు.”

“నీకు గెలుసుడే కావాలె. పొయ్యి ఆ ముందల సీట్ల కూసో, నన్ను ఒదులు.”

ఆటలు సాయంత్రాలే, ఆమె షిఫ్టూ సాయంత్రమే. కొద్ది రోజుల్లోనే వేర్‌హౌసులో రిజైన్ చేసి, వాలంటీరుగా చేరింది.

ఆ వేసవి అంతా ప్రేక్షకులకు సీట్లు చూపించింది, టీషర్టులు మడతపెట్టింది, ఆటగాళ్ల వీడియోలను ముక్కలుగా కత్తిరించి అమర్చింది. చివరికి జీతమున్న పోస్టు ఒకటి నిజంగానే వచ్చింది. అందులో స్పాన్సర్ కంపెనీ యజమాని కొడుకు చేరాడు. ఆఖరి ఆట రోజున కారిడారులో ఎదురైన ప్రెసిడెంటుగారిని అక్క పలకరించిందట.

“ఏమన్నారు?” అని అడిగాను.

“కలిసినందుకు సంతోషం, ఏ కాలేజీ నీది అన్నడు. ఎండకాలం మొత్తం ఆయన బిల్డింగ్లనే ఉన్న చెల్లీ,” అంది.

వేర్‌హౌసులో ఆమె స్థానం అప్పటికే నిండిపోయింది. ఇప్పుడు అక్కడే పెట్టెలు మోస్తోంది; ఆ పని పీఆర్‌కు చెల్లదు. సూపర్‌వైజరు ఉద్యోగం ఎక్కడైనా వెంటనే దొరికితే తప్ప, మిగిలిన పర్మిట్ ఆమెకు చాలదు. ప్రెసిడెంటుగారి ఈ జట్టు కూడా అట్టడుగునే ఉంది. ఆయన కాంట్రాక్టును పొడిగించారు.

వచ్చే సీజన్ వాలంటీర్ల కోసం మా కాలేజీ ఉద్యోగాల పేజీలో మళ్లీ ప్రకటన పెట్టారు. మీ కాలేజీ పేజీలోనూ అలాంటివి ఉండే ఉంటాయి. మీరు విద్యార్థి అయినా, ఇక్కడ స్థిరపడి మన పిల్లలకు గది అద్దెకిచ్చిన అంకుల్ అయినా, ఆంటీ అయినా, ఈ వారమే స్టూడెంట్ యూనియన్‌కు రాయండి. జీతం లేని పనిని ఉద్యోగాల పేజీలోంచి తీసేయమనండి. తీయకపోతే, అది పీఆర్‌కు పనికిరాదని ప్రకటన మొదటి వరుసలోనే రాయమనండి.