కాసేపు వాళ్ళింట్లో

మా మేనత్త పోయింది. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న మావయ్య ఫోన్ చేసి, "మీ అత్త లేదమ్మా" అన్నాడు. నేను ఉస్లాపూర్ నుంచి నెహ్రూ నగర్‌లోని వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆవిణ్ణి హాల్లో పడుకోబెట్టారు.

అత్తకి సినిమాలంటే ప్రాణం. అదీ తేలికపాటి సినిమాలు. చిన్న చిన్న అపార్థాలు, ఇంటినిండా అల్లరి, ఆఖర్న అందరూ కలిసి భోజనానికి కూర్చోవడం. కత్తులు, రక్తం కనిపిస్తే లేచిపోయేది.

"వాటిల్లో ఏముందత్తా, ఏమీ జరగదు కదా" అన్నానోసారి.

"ఏటీ జరక్కపోవడమే కదమ్మా కావాలి" అంది.

ఆ మాట ఊరికే అనలేదు. మావయ్య గూడ్స్ బండి డ్రైవరు. నేను వాళ్ళ రైల్వే క్వార్టర్లో ఉండి చదువుకునే రోజుల్లో, ఒక సాయంత్రం కర్గీ రోడ్ స్టేషన్ దాటాక ఆయన బండికి ఒక మనిషి అడ్డం వచ్చాడు. మావయ్య బ్రేకు వేశాడు. బండి ఆగలేదు. నీ తప్పు కాదని అందరూ చెప్పారు. మావయ్య ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం ముందు కూర్చుని, కలపకుండానే లేచిపోయాడు. ఆ తర్వాత డ్యూటీకి వెళ్ళేవాడు, వచ్చేవాడు. మాట మాత్రం లేదు.

అత్త ఏమీ గుచ్చి అడగలేదు. కొన్నాళ్ళు చూసి, ఒకరోజు, "చొక్కా మార్చుకో, సినిమాకెళ్దాం" అంది.

"నాకు మనసు బాగోలేదు."

"నువ్వు చూడొద్దులే. నా పక్కన కూకో, చాలు."

రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఇక్కడి మన తెలుగువాళ్ళు తెలుగు సినిమా వేస్తున్నారు. ముగ్గురం వెళ్ళాం. సినిమాలో పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాడు కళ్ళజోడు మరిచిపోయి, మామగారనుకుని వంటాయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. వంటాయన గరిటె పక్కనపెట్టి పెద్దరికంగా దీవించాడు. మావయ్య నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే భుజాలు అదిరిపోయేలా ఏడ్చాడు. అత్త తెర మీంచి చూపు తిప్పలేదు. ఆయన చెయ్యి మాత్రం పట్టుకుంది.

తిరిగొచ్చే దారిలో మావయ్య నోరు విప్పాడు. "ఆడు నాకేసే చూసేడే" అన్నాడు. అత్త "అచ్ఛా" అంది. ఆయన చెబుతున్నంతసేపూ అదే మాట మెల్లగా అంటూ, ఇల్లొచ్చినా ఆగకుండా ఇంకో వీధి చుట్టూ నడిపించింది. మర్నాడు నాతో, "నవ్వితే గానీ మనిషి బిగబట్టుకున్నది వదల్డమ్మా" అంది.

చివరి నెలల్లో కేన్సరు ఆవిణ్ణి మంచానికి అతికించేసింది. మావయ్య ఫోన్లో అవే సినిమాలు పెట్టి, ఆవిడ కళ్ళకెదురుగా పట్టుకుని కూర్చునేవాడు.

"నొప్పిగా ఉందా అత్తా?" అనడిగాను.

"ఉందమ్మా. కాసేపు ఆళ్ళింట్లో ఉండొస్తాను" అని తెరలో ఉన్నవాళ్ళని చూపించింది.

ఆవిడ తేలిక మనిషి అని మా చుట్టాలు అనేవారు. ఎంత బరువు మోస్తే ఆ తేలికతనం వస్తుందో నాకు ఆవిడ దగ్గరే తెలిసింది.

కర్మలైపోయాక నిన్న సాయంత్రం కూర పట్టుకుని వెళ్ళాను. మావయ్య టీవీలో ఏదో నవ్వుల సినిమా చూస్తున్నాడు. నేను వచ్చిన అలికిడి వినలేదు. ఒకచోట గట్టిగా నవ్వి, చటుక్కున అత్త కూర్చునే వైపు తిరిగాడు. సినిమా నడుస్తూనే ఉంది. ఆయన ముఖం అటే ఉండిపోయింది.