నా బిడ్డకు పాలిచ్చిందెవరు?

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. వాటికి భయపడేవాళ్లను చూస్తే ఇంకా నవ్వు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గోలో నా ఉద్యోగం. మందుల పెట్టెలు విమానం ఎక్కేముందు లోపలి చల్లదనం ఎంతుందో మీటరులో చూసి, మూతకు టేపు వేసి, దాని మీద సంతకం పెట్టాలి. అంకె కనబడితే నమ్ముతాను, లేకపోతే లేదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాతి సంగతి విని పిచ్చిది ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది అనుకుంటారేమోనని.

కడుపుతో ఉన్నప్పుడు మెడ పక్కన గడ్డ తేలింది. పరీక్షలు చేసి క్యాన్సర్ అన్నారు. నయమయ్యే రకమే గానీ, కాన్పు కాగానే మందులు ఎక్కించాలి, అవి పాలలోకి దిగుతాయి, బిడ్డకు పాలివ్వకూడదు అన్నారు. సరేనని తల ఊపాను. అప్పటికి బిడ్డ ఒళ్లోకి రాలేదు కదా, తల ఊపడానికేం.

ఆడపిల్ల పుట్టింది. చికిత్స మొదలయ్యేలోపు ఒక్కరోజు పాలివ్వడానికి ఒప్పుకున్నారు. మర్నాడు నర్సు పాలు ఆగిపోవడానికి చిన్న తెల్లటి గోళీలు తెచ్చింది. ఇంకొక్కసారి పట్టి వేసుకుంటానని బతిమాలాను. ఆమె వాటిని బల్ల మీద పెట్టి బయటికి వెళ్లింది. బిడ్డ తాగుతూ తాగుతూనే నిద్రపోయింది. అప్పుడు మింగాను. 

మా అమ్మది మంఖాల్ అనే పల్లె. గోళీల మీద ఆమెకు గురి లేదు. మల్లెపూల దండలు తెచ్చి నా రొమ్ముల మీద పరిచి గుడ్డతో బిగించి కట్టింది. పాలు ఎండాలంటే వాళ్లకు తెలిసిన మందు అదే. గోళీ పని గోళీది, పువ్వు పని పువ్వుది అంది. దయ్యం వస్తే మల్లెపూల వాసన వస్తుందంటారు కదా, ఆ లెక్కన ఆ వారం మా ఇంట్లో దయ్యాన్ని నేనే.

పాలు ఆగిపోయాయి. కానీ బిడ్డ ఏడ్చినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే జాకెట్టు హుక్కు మీదికి పోయేది. ఆ చేతికి ఎవరు చెప్పాలి?

మేం కిరాయికి ఉండేది రజియా ఖాలా ఇంటి పైభాగంలో. ఖాలా అంటే పిన్ని, అందరూ అట్లాగే పిలుస్తారు; ఆవిడ కింద ఉంటుంది. మాకు రెండు గదులు, విమానాలు నెత్తి మీద నుంచే పోతాయి. లోపలి గదిలో బిడ్డకు చీరతో ఊయల కట్టాం. మా ఆయన క్యాబ్ నడుపుతాడు కాబట్టి పగలు నేనూ అమ్మే.

డబ్బా పాలు బిడ్డ ముట్టలేదు. సీసా పెడితే నోరు బిగించేది. ఉగ్గుగిన్నెతో పోస్తే సగం పెదాల పక్క నుంచి జార్చేసేది. ఒక్కరోజు తాగిన రుచి మరవలేదు పాపం, అని అమ్మ వచ్చిన వాళ్లందరికీ చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా లేచి వంటింట్లోకి పోయేదాన్ని. బరువు తగ్గుతూనే ఉంది. వచ్చే వారం కూడా ఇట్లాగే ఉంటే దవాఖానలో చేర్చి, ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోయాల్సి వస్తుందన్నాడు పిల్లల డాక్టరు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం. మందులు ఎక్కించుకుని వచ్చి ముందు గదిలో పడుకున్నాను. అమ్మ డాబా మీద బట్టలు ఆరేస్తోంది. లోపల ఏడుస్తున్న బిడ్డ ఉన్నట్టుండి ఊరుకుంది. తర్వాత గుటకలు వినిపించాయి. ఆకలి మీదున్న పసిబిడ్డ ఆత్రంగా తాగే గుటకలు. ఆ చప్పుడు నాకు తెలుసు, ఒక్కరోజు విన్నాను కదా.

గోడ పట్టుకుని వెళ్లేసరికి బిడ్డ నిద్రపోతోంది. పెదవి మూల తెల్లగా పాలు. సీసా అలమారలో నింపింది నింపినట్టే ఉంది. అమ్మ కిందికొచ్చి, ఆ తడి కొంగుతో తుడిచి వాసన చూసింది.

"ఇది డబ్బా పాల వాసన కాదు బిడ్డా," అంది.

నేను ఊరుకునే రకం కాదు. మర్నాడు సీసా మూతకు కార్గో పద్ధతిలో టేపు వేసి సంతకం పెట్టాను. మెట్ల వైపు తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టాను. మధ్యాహ్నం మళ్లీ గుటకలు. వెళ్లి చూస్తే టేపు చెక్కుచెదరలేదు, గడియ వేసింది వేసినట్టే ఉంది. బిడ్డ పొట్ట మాత్రం నిండుగా ఉంది.

ఆ మరుసటి రోజు ఊయల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏమీ జరగలేదు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. సీసా పెట్టాను, నెట్టేసింది. నాకు సంగతి అర్థమైంది. నేనుంటే రాదు. లేచి బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను. కాసేపటికి ఏడుపు ఆగింది. గడప ఇవతల కూర్చుని చెవులు మూసుకున్నాను. బిడ్డ ఆకలి తీరుతున్నందుకు సంతోషమే. కానీ నేను తప్ప ఎవరైనా ఇవ్వగలరన్న ఆ కుళ్లు, ఆ ఏడుపు, ఎవరికి చెప్పుకోను?

వారం తిరిగాక డాక్టరు తూకం వేసి, పరవాలేదే, తాగడం మొదలుపెట్టిందే అన్నాడు. గొట్టం అవసరం లేదన్నాడు.

అమ్మకు కడుపులో మాట దాగదు. ఖాలాకు చెప్పేసింది. ఖాలా పైకి వచ్చి, బిడ్డ పెదవి మీద ఆరిన పాలచార వేలితో తాకి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. మేం దిగకముందు ఆవిడ కూతురు షబానా కాన్పుకొచ్చి ఆ లోపలి గదిలోనే ఉందట. బిడ్డ కడుపులోనే పోయింది. పాలు ఆగడానికి ఆమెకూ గోళీలే ఇచ్చారు. మరుసటి ఏడు కామెర్లతో షబానా కూడా పోయింది. తర్వాత పక్క దులిపితే ఆ గోళీలు దిండు గలీబులో దొరికాయి. ఒక్కటి కూడా మింగలేదు.

"పాలు ఆపుకుంటే, బిడ్డొచ్చి అడిగితే ఏమియ్యాలె అమ్మీ, అనేది," అంది ఖాలా. బిడ్డ తల నిమిరి, "మా ముస్లింలల్ల పాలు తాగితే కడుపుల పుట్టినట్టే, బేటీ. ఇగ నీ బిడ్డ నాకు నవాసి," అంది. నవాసి అంటే కూతురి కూతురు.

ఈ కథ నాకు ముందే తెలిసుంటే నా బుర్రే అల్లుకుందని సరిపెట్టుకునేదాన్ని. మేం ఆ ఇంట్లో దిగి ఏడాది కూడా కాలేదు, ఎవరూ చెప్పలేదు. మందుల మత్తు అందామంటే అమ్మ వాసన చూసింది, డాక్టరు తూకం వేశాడు.

అప్పటి నుంచి అమ్మ మల్లెపూలు ఇంట్లోకి రానివ్వలేదు. తల్లో పెట్టుకుని వచ్చిన చుట్టాలను కూడా గడప దగ్గరే ఆపి తీయించేది. నా పాలు ఎండాలని పూలు కట్టిన మనిషే, షబానా పాలు ఎండకూడదని కాపలా కాసింది.

బిడ్డ మెల్లగా సీసా పట్టింది. అయినా మధ్యాహ్నం పూట గుటకలు ఆగలేదు. నా చికిత్స అయిపోయింది. ఆరో నెలలో అన్నప్రాసన చేశాం. ఆ రోజు ఖాలా అరచేతిలో మల్లెదండ తెచ్చింది. బిడ్డ అన్నం ముట్టింది, తన కూతురు కూడా ఇక విశ్రాంతి తీసుకోవాలి అంది. దండ ఊయలకు కట్టబోయింది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇంకొక్కసారి, అన్నాను.

బిడ్డను ఊయలలో పడుకోబెట్టి బయటికొచ్చి తలుపు వేశాను. ఈసారి చెవులు మూసుకోలేదు. గుటకలన్నీ విన్నాను, నిదానంగా అయ్యి ఆగిపోయేదాకా. ఖాలా లోపలికి వెళ్లి ఊయల తాడుకు దండ కట్టి, "బస్ బేటీ, అబ్ సో జా," అంది. ఇక చాలు, పడుకో అని.

ఆ గుటకలు మళ్లీ వినబడలేదు. మా పాప ఇప్పుడు బడికి పోతోంది. పండక్కి ఖాలా దానికి బట్టలు కుట్టిస్తుంది, అది అమ్మమ్మను పిలిచినట్టు నానీ అని మెడకు చుట్టుకుంటుంది.  

దండ తీసిన రోజు సంగతి ఒకటి మిగిలింది. అన్నప్రాసన మర్నాడు దాన్ని నేనే విప్పాను. పూలు వాడిపోయి, తడిగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మల్లెపూల వాసన లేదు, పాల వాసన. ఎవరూ చూడకుండా దాన్ని నా రొమ్ముకు అదుముకుని, తడి ఆరేదాకా అట్లాగే నిలబడ్డాను.