నోరు మూసుకున్న కోచ్ సార్

సాయంత్రమయ్యేసరికి మా అపార్ట్‌మెంటు సెల్లారులో బంతి చప్పుడు మొదలవుతుంది. సిమెంటు నేల మీద దబదబలాడే ఆ చప్పుడు వంటింటి కిటికీలోంచి వినిపిస్తే నా చేతిలో గరిటె నిలవదు. చప్పుడుతో నాకు ఇబ్బంది లేదు. బంతి తప్ప ఇంకేదీ వినిపించకపోవడమే ఇబ్బంది. అంతమంది పిల్లలు ఆడుతూ ఒకరితో ఒకరు ఒక్క మాట అనుకోరు. మొన్న ఉండబట్టలేక కిందికి దిగి, "నీ వెనకాల! వెనకాల చూడు!" అని అరిచాను. పిల్లలు చూడలేదు గానీ, పాపం, వాచ్‌మన్ తిరిగి చూశాడు. ఈ వయసులో తిరుమలగిరిలో నేనిలా నవ్వులపాలవడానికి పూర్తి బాధ్యత నర్సింగరావు సార్‌ది.

ఆయన మా డిగ్రీ కాలేజీలో అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్. పర్మనెంటు ఉద్యోగం కాదు. ఏటేటా వేసవిలో ప్రిన్సిపాల్ మేడం సంతకం పెడితేనే కాలేజీ తెరిచాక మళ్లీ ఆయన విజిల్ మోగేది. మాది శ్రీకాకుళం నుంచి వచ్చి బన్సీలాల్‌పేటలో స్థిరపడిన కుటుంబం. నాన్నది రైల్వే పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం. "కోచ్ సార్ నన్ను తీసుకున్నారు" అని ఇంట్లో చెబితే, "ఏ కోచ్చమ్మా? స్లీపరా, ఏసీయా?" అన్నారు నాన్న. నిజానికి సార్ తీసుకున్నది నన్ను కాదు, నా పొడుగుని. ఈ పిల్లకు ఎత్తు ఉంది గానీ ఎత్తుగడ లేదని వారం తిరక్కుండానే ఆయనకు తెలిసిపోయింది. అప్పటికే నా కొలతలకు జెర్సీ కుట్టించేశారు కాబట్టి బెంచి మీద కూర్చోబెట్టి ఉంచుకున్నారు.

నోరు మూసుకుని ఆడకూడదన్నది ఆయన పద్ధతి. ఎవరికి ఏది కనిపిస్తే అది పైకి అరవాలి. ఎవరు ఖాళీగా ఉన్నారో, ఎవరు వెనక నుంచి వస్తున్నారో అంతా అరుపుల్లోనే నడవాలి. కొన్ని రోజులు బంతి కూడా ఇచ్చేవారు కాదు, ఉత్త అరుపులే ప్రాక్టీసు. నా సంగతి చూస్తే, కాలేజీలో చేరిన కొత్తలో క్లాసులో "ఏటండీ" అన్నందుకు అందరూ నవ్వారు. అప్పటినుంచీ నోటికి తాళం వేసుకుని తిరుగుతున్నాను. అలాంటి నాకు ఇలాంటి కోచ్ దొరికారు.

"ఓ సిక్కోలు! ఆ పిల్ల నీ పక్కకెల్లి పోయింది. చూసినవా లేదా?"

"చూశాను సార్."

"చూసి ఏం చేసినవ్?"

"చూశాను సార్."

"ఉత్తగ చూసేటట్టుంటే గ్యాలరీల కూసో పో. గ్రౌండుల ఉన్నప్పుడు చెప్పాలె. నీ కండ్లు నీ ఒక్కదానియి కావు, టీమందరియి."

"నా మాట వింటే నవ్వుతారు సార్."

"నవ్వనీ. ఏటి అను, గీటి అను, నీ భాషల్నే అరువు. బంతికి భాష రాదు."

ఇంటికి వెళ్లేసరికి గొంతు బొంగురుపోయేది. అమ్మ పుక్కిలించమని ఉప్పునీళ్లు ఇస్తూ, "బంతాట ఆడతన్నావా, బజార్లో కూరలమ్ముతన్నావా?" అనేది. సమాధానం నాకూ తెలియదు.

సార్ తన సూత్రాన్ని మాకంటే మితిమీరి పాటించేవారు, అదే ఆయన కొంప ముంచింది. ఒక మ్యాచ్‌లో ఆయన అరుపులు పడలేక రిఫరీ ముందు హెచ్చరించి, తర్వాత ఏకంగా మైదానం బయటికి పంపేశాడు. హమ్మయ్య అనుకున్నాం. కాసేపటికి ప్రహరీ గోడ పైనుంచి ఒక తల లేచింది. రోడ్డు మీద స్కూటర్‌కి స్టాండు వేసి, సీటెక్కి నిలబడ్డారు మహానుభావుడు. "కవితా! నీ ఎడమ ఖాళీ!" అని అక్కణ్నుంచే ఆయన కోచింగు. ముందు వరసలో అతిథిగా కూర్చున్న మా ప్రిన్సిపాల్ మేడం గోడ వైపు చూసి తల దించుకున్నారు. మేము గెలిచాం. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఈసారి వేసవిలో ఆయనకు సంతకం పడదని మర్నాడే కాలేజీ అంతా పాకింది.

జట్టంతా కలిసి మేడం గదికి వెళ్లాం. కోర్టులో చెవులు చిల్లులు పడేలా అరిచే మా కెప్టెన్ కవిత అక్కడ బూట్లు చూసుకుంటూ నిలబడింది. మిగతావాళ్లు కవితను చూస్తున్నారు. అందరూ చూడడమే, చెప్పేవాళ్లు లేరు. నాకే తెలియకుండా నా నోరు తెరుచుకుంది, అదీ కోర్టు గొంతుతో.

"సార్ ఎల్లిపోతే మేం ఏటి సేస్తాం మేడం! మమ్మల్ని మాట్లాడమన్నోరు ఇంకెవరూ లేరు!"

గుమ్మంలోంచి అటెండరు తొంగిచూశాడు. మేడం చెవి రుద్దుకున్నారు. "ఎందుకమ్మా అంత అరుపు? నేనిక్కడే ఉన్నాను కదా" అని ఒక షరతు పెట్టారు. మ్యాచ్‌లప్పుడు ఆయన నోరు విప్పకూడదు. ఒక్క అరుపు వినిపించినా సంతకం ఉండదు.

ఈ కబురు మోసుకెళ్తే సార్ మెచ్చుకుంటారనుకున్నాను.

"నోరు మూసుకొని కోచింగా? గిసొంటి షరతు ఎవలు ఒప్పుకోమన్నరు నిన్ను? మంచిగ పరేషాన్ చేసి పెట్టినవ్ పో!" కాసేపు గునిసి గునిసి, "సరే, నా పక్కన కూసో. నేను మెల్లగ చెప్త, నువ్వు అరువు" అన్నారు.

అలా నేను ఆటగత్తెను కాబోయి మైకునయ్యాను. ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గొణిగేవారు, మోచేత్తో నా డొక్కలో పొడిచేవారు. "ఆ గాడిదకు కండ్లు కనిపిస్తలేవా" అని ఆయనంటే, నేను లేచి "కవితా, కుడిపక్క చూడు!" అని అరిచేదాన్ని.

"నేను గట్లన్ననా?"

"భావం అదే సార్."

ఆ ఏడు మా చివరి మ్యాచ్‌కి మేడం కూడా వచ్చారు. పోటాపోటీగా సాగుతున్న ఆటలో రిఫరీ ఒక తప్పుడు విజిల్ ఊదాడు. సార్ సగం లేచారు, నోరు తెరిచారు. నేను చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగాను. ఆయన తువ్వాలు కొరుక్కుంటూ కూలబడ్డారు. ఆ కంగారులో ఏం కనిపిస్తే అది అరుస్తూ పోయాను. చాలాసేపటికి గానీ గమనించలేదు, ఎడమవైపు నుంచి గొణుగుడు లేదు. డొక్కలో పోటు లేదు. అంతసేపూ నేను అరిచినవేవీ ఆయన మాటలు కావు. భయమేసి తిరిగి చూశాను. కాళ్లు చాపుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, సినిమాహాల్లో కూర్చున్నంత దర్జాగా ఉన్నారు.

"ఏందీ, నా మొఖం చూస్తున్నవ్? ఆడ ఆట నడుస్తలేదా?"

ఆ ఆట ఓడిపోయాం. సంతకం మాత్రం పడింది. మోకాళ్లు మొరాయించేదాకా ఆయన అదే కాలేజీలో ఉన్నారు. మ్యాచ్‌లలో మళ్లీ నోరు విప్పలేదట. ఏటేటా బెంచి మీద కూర్చున్నవాళ్లలోంచి ఒక గొంతును వెతుక్కునేవారట. పోయినేడు బొల్లారంలో ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు ఆఫీసు మీటింగులో ఏదైనా తప్పు అందరి కళ్లముందు నుంచే జారిపోతూ, అందరూ చూస్తూ ఊరుకున్నప్పుడు, నా మెడ దానంతటదే ఎడమవైపు తిరుగుతుంది. అక్కడ ఫోను చూసుకుంటున్న సహోద్యోగి ఎవరో ఉంటారు. ఎవరూ మాట అందించరు. వదిలిపోయాక కూడా వదలని ఈ సార్ మీద చచ్చేంత విసుగొస్తుంది. విసుక్కుంటూనే గొంతు సవరించుకుంటాను.