ఆవిడ సొంత ఇంటిపేరు

పోయిన నెలలో తుని నుంచి ఫోను. "టీచరు గారు వెళ్ళిపోయారండి. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు చదువుతూ చదువుతూనే..." ఎనభై దాటిన మనిషి. ఏడుపొచ్చింది. ఆవిడకు తగినట్టే వెళ్ళారని కూడా అనిపించింది.

ఆవిడ తండ్రి పోయిన శతాబ్దంలో పెద్ద విమర్శకుడు. ఆయన ఇంటిపేరు వింటే కవులు సర్దుకుని కూర్చునేవారట. కూతురు మాత్రం సముద్రపు ఒడ్డున, చేపలవాళ్ళ పేట బడిలో ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించారు. అయినా కొత్తగా రాసేవాళ్ళం ముందుమాట కోసం ఆవిడ గడపే తొక్కేవాళ్ళం. "ఆ ఇంటిపేరు పెళ్ళినాడే పుట్టింట్లో వదిలేసి వచ్చానండీ. కాఫీ అయితే ఇస్తాను," అనేవారు.

ముందుమాట ఇవ్వలేదు గానీ నా రాతప్రతి చదివారు. బడిపిల్లల్లాగే ప్రతి పంక్తి కిందా చూపుడువేలు జరుపుతూ చదివారు. "ఇదిగో, ఇక్కడ నా వేలు ఆగిందండి. ఏం చెప్పాలనుకున్నారో మీకైనా తెలుసా?" తెలీదు. ఆ కవిత తీసేశాను. నాకు రాయడం వచ్చిందంటే ఆ వేలి పుణ్యమే.

అంత మేలు చేసిన మనిషికి నేను చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. ఆవిష్కరణ సభకి జనం వస్తారన్న కక్కుర్తితో, ఆవిడని అడక్కుండా, ఆహ్వానపత్రంలో ఆవిడ పేరు ముందు తండ్రి ఇంటిపేరు అచ్చువేయించాను. ఆవిడ వచ్చారు. మైకు అందుకుని, "మా నాన్నగారి కోసం వచ్చినవారు వెళ్ళొచ్చండి, ఆయన రాలేదు. ఈయన పుస్తకం కోసం వచ్చినవారు కూర్చోండి," అన్నారు. హాలంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. సభ అయ్యాక నా చేతిలో ఓ అరటిపండు పెట్టి, "ఈసారి పిలిస్తే నన్నే పిలవండి, ఏం?" అన్నారు.

సంతాపసభ కార్డు రాసే పని నా మీదే పడింది. "వాళ్ళ నాన్నగారి ఇంటిపేరు వేసెయ్యండి. లేకపోతే ఎవరొస్తారండీ?" అన్నాడు సభ ఏర్పాటు చేస్తున్న మిత్రుడు. నేను ఆవిడ ఇంటిపేరే వేశాను.

టైముకి సాహిత్యం వాళ్ళు పదిమంది కూడా రాలేదు. ఖాళీ కుర్చీలు చూసి నాకు దిగులేసింది. అంతలో ఆటోలు వచ్చి ఆగాయి. పేట ఆడవాళ్ళు దిగి, చేపల గంపలు గుమ్మం పక్కన వరసగా పెట్టి, లోపలికి వచ్చారు. "మా టీచరమ్మ సభ ఇక్కడేనాండీ?" అని అడిగి మరీ కూర్చున్నారు. కుర్చీలు చాలక పక్క ఇంటి నుంచి చాపలు తెప్పించాం.

నెరిసిన జుట్టామె ఒకతె మాత్రం గుమ్మం దగ్గరే, గోడకి అంటించిన కార్డు ముందు ఆగింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది. ఇంటిపేరు మొదటి అక్షరం కింద చూపుడువేలు పెట్టి, పైకి చదువుకుంటూ, టీచరు గారి పేరు చివరిదాకా వెళ్ళింది. వేలు ఎక్కడా ఆగలేదు.