నాలుగు చేతులు వేస్తే కదిలే కారు

కస్మిన్ బాబాయి కారుకు తాళం చెవి ఉంది గానీ, దాంతో ఆయన చెవిలో గుబిలి తీసుకోవడమే తప్ప కారు స్టార్టు చెయ్యగా మా పేటలో కొంతకాలంగా ఎవరూ చూడలేదు. ఆ పాత డీజిల్ కారు మనుషులు తోస్తేనే కదులుతుంది. మొగుడి వీపు ఎలా ఉంటుందో మా ఆడవాళ్లకు అంత గుర్తు లేకపోవచ్చు, ఆ కారు వెనక డిక్కీ మాత్రం అరచేతుల్లో అచ్చు పడిపోయింది.

"నాలుగు చేతులు వెయ్యండమ్మా," అంటాడు పొద్దున్నే. మా ఉంగారన్ కొండవాలులో కోడి తర్వాత వినిపించే కూత అదే.

తోసినవాళ్లను ఊరికే వదిలిపెట్టడు, పాట విన్న విద్వాంసుడిలా తీర్పు చెబుతాడు. ఒకసారి పొగ ఎక్కువగా వదులుతోందని కూడలిలో ఒక పోలీసాయన కారు ఆపాడు. ఆపాక అది మళ్లీ కదల్లేదు. వెనక లారీలు హారన్లు కొడుతుంటే పాపం ఆయనే టోపీ చంకలో పెట్టుకుని తోశాడు. కస్మిన్ బాబాయి కిటికీలోంచి తల బయటపెట్టి, "బలం ఉంది సార్, లయ లేదు," అన్నాడు.

మేనల్లుడి పెళ్లిలో పెళ్లికొడుకు చేతే తోయించాడు. మెడలో మల్లెదండ, నడుముకు వెనక దోపిన కత్తి, ఒంటిమీద బాతిక్ బట్టలు. ఆ వేషంలో వాడు కారు వెనక పరిగెత్తుతుంటే పెళ్లికొడుకు పారిపోతున్నాడని ఆడపెళ్లివారికి కబురు వెళ్లింది. చెమటలు కక్కుతూ దిగిన అల్లుణ్ణి చూసి మామగారు, "అంత భయమైతే ముందే చెప్పాల్సింది నాయనా," అన్నాడట.

"కొత్త స్టార్టర్ వేయించుకోరాదా బాబాయ్?" అని ఎవరైనా అడిగితే, "మనిషి చెయ్యి తగలకపోతే దీనికి తిన్నది అరగదు," అనేవాడు.

మేం కుట్టు కంపెనీలో పనిచేసేవాళ్లం. ఖర్చు తగ్గించాలని కంపెనీ మా బస్సు తీసేసింది. ఏడింటికి మూసే గేటు మాత్రం తియ్యలేదు. దొరలకు బస్సు బరువైంది, మా కాళ్లు మాత్రం బరువు కాలేదు. అప్పటినుంచి కస్మిన్ బాబాయి కారే మాకు బస్సు. కారు తోస్తాం, కదలగానే ఎక్కుతాం, గేటు దగ్గర దిగుతాం. "నేనెలాగూ ఆ పక్కకే పోతున్నా, అక్కడ కాఫీ బాగుంటుంది," అనేవాడు. రిటైరైన లారీ డ్రైవరుకు వేరే పనేముంది అనుకునేవాళ్లం.

మా అందరిలోకీ గట్టిగా తోసేది పైనెం అక్క. అసలు ఆమె ఎవరి దగ్గరా ఉప్పురాయి కూడా ఊరికే తీసుకోదు. బొప్పాయి ముక్క పంపితే ఆ పళ్లెంలో వేయించిన సోయాగింజల టెంపే ముక్కలు పెట్టి తిప్పి పంపుతుంది. మంచాన పడ్డ తల్లికి ఒళ్లు తుడిచి, గంజి తాగించి గాని బయలుదేరలేదు. అప్పుడు నడక మొదలుపెడితే గేటు అందదు.

అలాంటి మాకు ఒక శుక్రవారం సంత దగ్గరి ఎత్తులో పిడుగు పడినంత పనైంది. ముందు ఢామ్మని మోత, తర్వాత ఇంజన్ పొట్ట చీల్చుకుని ఒక ఇనుప కడ్డీ బయటికొచ్చింది. రోడ్డంతా నల్లని నూనె. కస్మిన్ బాబాయి టోపీ తీసి గుండెమీద పెట్టుకున్నాడు.

మేం పరిగెత్తాం. గేటు మూసేశారు. పైనెం అక్కతో సూపర్‌వైజరు, "ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఇక రానక్కర్లేదు," అన్నాడు.

ఆ సంగతి కస్మిన్ బాబాయి చెవిన పడింది. ఆదివారం తెల్లారేసరికి ఆయన వాకిట్లో ఇంకో ఇంజన్ కూర్చుని ఉంది. బోల్తాపడ్డ ఒక కాబేజీల వ్యాను నుంచి ఊడదీసుకొచ్చాడు. మూడు వెదురు బొంగులు నిలబెట్టి గొలుసు కప్పీ కట్టారు. బ్రోతో అనే మెకానిక్ కుర్రాడు కారు కిందికి దూరాడు. వీధంతా చేతులు కలిపింది. ఒకరు గొలుసు లాగుతుంటే ఇంకొకరు నోట్లో అరటికాయ బజ్జీ పెడుతున్నారు.

చచ్చిన ఇంజన్ గాల్లోకి లేచింది. దాని స్టార్టర్ ఊడదీసి కొత్తదానికి బిగించబోతూ బ్రోతో ఆగాడు.

"బాబాయ్, ఇదేంటి పెళ్లికూతురిలా నిగనిగలాడుతోంది? ఒక్క పన్ను కూడా అరగలేదు."

"నీకు కాఫీ చల్లారిపోతోంది రా."

"ఇప్పుడే తాగాను."

"ఇంకోటి తాగు."

కాబేజీ ఇంజన్ దిగింది. ఎడంపక్క బోల్టు రంధ్రం కలవలేదు. పదిమంది కలిసి ఎత్తి, కాస్త జరిపి, తిట్టి, బతిమాలితే కలిసింది. డీజిల్ గొట్టంలో గాలి పట్టేసింది, అది తీశారు. "బ్యాటరీ ఏదీ?" అన్నాడు బ్రోతో. అది అరుగుమీద రేడియో పాడిస్తోంది. అక్కడే కదా ఎప్పుడూ ఉండేది. రేడియో నోరు మూయించి బ్యాటరీ తెచ్చి బిగించాడు. కస్మిన్ బాబాయి వద్దు వద్దంటూనే ఉన్నాడు. బ్రోతో తాళం తిప్పాడు.

ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. వీధి మొత్తం ఈలలు వేసింది. పిల్లలు ఎగిరారు, ముసలివాళ్లు ఎగిరినంత పనిచేశారు. ఇద్దరి మొహాలు మాత్రం పడిపోయాయి. ఒకటి కస్మిన్ బాబాయిది. రెండోది పైనెం అక్కది.

"ఇక మా చేతులతో పనిలేదన్నమాట," అందామె కుట్టే బట్ట అంచులాగా మాట మడిచి. "రేపు నేను నడిచే వెళ్తాలే."

"పిచ్చా నీకు? గేటు మూసేస్తారు. ఊరికే కూర్చోలేవా?" అన్నాను.

"ఊరికే కూర్చుంటే నా ఒళ్లే నాకు బరువు."

అప్పుడు వెలిగింది నాకు. బస్సు పోయిన నెలలోనే కదా ఈయన స్టార్టర్ 'చెడిపోయింది'. ఒక్క మా పొద్దుటి ప్రయాణానికే చెడిపోతే ఎవరూ నమ్మరు కాబట్టి పోలీసు దగ్గరా, పెళ్లిలోనూ చెడిపోవాల్సి వచ్చింది.

సోమవారం పొద్దున పైనెం అక్క అన్నంత పనీ చేసింది. చెప్పులు టపటపలాడించుకుంటూ వీధి మలుపుదాకా వెళ్లింది. కస్మిన్ బాబాయి మా అందరి ముందూ తాళం తిప్పాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"చచ్చింది మళ్లీ. నాసిరకం కాబేజీ ఇంజన్," అని గొంతెత్తి తిట్టాడు. "పైనెం, ఏయ్ పైనెం, వీళ్లవల్ల కాదు. వచ్చి ఒక చెయ్యి వెయ్యి."

ఆమె గిరుక్కున తిరిగింది. పని చూడ్డానికి వచ్చిన బ్రోతో అవమానంతో ఎర్రబడి బానెట్ మీద చెయ్యివేశాడు. "నేను బిగించింది ఆగడమా? చూడనివ్వు బాబాయ్..."

సరిగ్గా అప్పుడే అరుగుమీద పిన్ని పెట్టిన రేడియో పొద్దుటి పాట ఎత్తుకుంది. బ్రోతో దానికేసి చూసి నోరు తెరిచాడు. నేను వాడి కాలు తొక్కాను.

"మాట్లాడకుండా తొయ్యి."

తోశాం. పైనెం అక్క నడుం బిగించి అందరినీ తిట్టుకుంటూ తోసింది. "కొత్త ఇంజన్‌ట, కొత్త ఇంజన్. నేను లేకపోతే ఇది వీధి దాటేదేనా?" వాలులో కారు భళ్లున అందుకుంది. ఆమె దర్జాగా ముందు సీట్లో కూర్చుంది. గేటు ఇంకా తెరిచే ఉంటుంది, మాకు తెలుసు.

మలుపు తిరిగాక ఆమె చేతులు తుడుచుకుంటూ, రోడ్డువైపే చూస్తూ అంది: "రేపట్నుంచి మనం వెళ్లిపోయాక పెట్టమను మీ ఆవిణ్ణి, ఆ రేడియో."

కస్మిన్ బాబాయి గేరు మార్చాడు. "తోపులో లయ బాగా కుదిరింది ఇవాళ," అన్నాడు.