బాబాయ్‌నిచ్చి తెచ్చుకున్న మొదటి ఛాన్స్

ఆ రోజుల్లో మాకు తెలివితేటలకు కొదవ ఉండేది కాదు, వాటిని ఎక్కడ వాడాలో తెలిసేది కాదంతే. రెండువేల పదిహేను ప్రాంతం. చదువులు ముగించుకుని, ఉద్యోగాల్లో అప్పుడప్పుడే కుదురుకుంటూ, కివీల దేశంలో, ఆల్బనీలో నలుగురం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. మా ఆఫీసులో ఒక అమెరికా ఆయన ఉండేవాడు. సొంత ఊరి మీద బెంగ తీర్చుకోవడానికి ఆయన శనివారం పొద్దున్నపూట ఫ్లాగ్ ఫుట్‌బాల్ మొదలుపెట్టాడు. కోడిగుడ్డును సాగదీసినట్టుండే బంతిని ఒకడు విసరాలి, ముందుకు పరిగెత్తినవాడు పట్టుకోవాలి. అలా పట్టుకునేవాణ్ణి రిసీవర్ అంటారు. మీద పడి కుమ్ముకోవడాలు ఉండవు, నడుముకు వేలాడే గుడ్డపట్టీ లాగేస్తే ఆట ఆగిపోతుంది. నాలుగు జట్లలో ఒకటి మాది, దానికి కెప్టెన్ని నేను. (ప్రతిభ చూసి ఇచ్చిన పదవి కాదు. బంతి నేను కొన్నాను.)

మా జట్టు మొత్తానికి పట్టిన బంతి వదలని మనిషి ఒక్కడే, బాబాయ్. వయసు యాభై ఒకటి. మేము రోజూ ఆఫీసుకెళ్ళే బస్సు ఆయనే నడిపేవాడు. ఒకరోజు వెనక సీట్లో కూర్చుని నేనూ ఫ్లాట్‌లో ఇంకొకడూ చింతకాయ పచ్చడి గురించి పోట్లాడుకుంటుంటే, చివరి స్టాపులో ఆయన లేచొచ్చి, "మీరు తెలుగువాళ్ళా నాయనా? మా అవ్వ మాట్లాడినట్టే ఉంది" అన్నాడు. చెరకు తోటల పనికని పూర్వం ఫిజీ వెళ్ళినవాళ్ళ కుటుంబం, అక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో భార్యతో ఫిజీ హిందీ, పిల్లలతో ఇంగ్లీషు. తెలుగు మాత్రం అవ్వ దగ్గర నేర్చుకున్నదే, ఆవిడ పోయాక దాన్ని మాట్లాడటానికి మనిషే దొరకలేదట. వచ్చే శనివారం ఆటకు రమ్మని ఊరికే మాటవరసకు అన్నాను. ఆయన నిజంగానే వచ్చాడు, తన వ్యానులో, ఒక డబ్బా నిండా గారెలతో. ఆ రోజు నుంచి మా జట్టంతా ఆ వ్యానులోనే మైదానానికి వెళ్ళేది.

ఆయన వేగంగా పరిగెత్తలేడు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, చేతులు చాపి నిలబడతాడు. బంతి వచ్చి ఆ చేతుల్లో కూర్చుంటుంది. మా రెండో గొప్పదనం రహస్య భాష. ఎవరు ఎటు పరిగెత్తాలో నేను అందరికీ వినబడేలా తెలుగులోనే అరిచేవాణ్ణి. "కుడి పొడుగు", "ఎడమ పొట్టి", ఇంతే. అవతలివాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. ఇంత చక్కని ఏర్పాటున్నా మేము నాలుగు జట్లలో మూడో స్థానం దాటింది లేదు.

అలాంటి సమయంలో ఇంకో జట్టు కెప్టెన్ ఒక బేరం పెట్టాడు. అతను ఎముకలు కొరికే చలిలోనూ పొట్టి నిక్కరే వేసుకునే కివీ, అంటే ఆ దేశం మనిషే, మేము నిక్కరు దొర అనేవాళ్ళం. మా ఆటలో ఒక పద్ధతుండేది. సీజన్ మొదట్లో ప్రతి కెప్టెనూ ముగ్గురిని ఉంచుకుని మిగతావాళ్ళను జాబితాలోకి వదిలేయాలి. కొత్తవాళ్ళ పేర్లూ అందులోనే చేరతాయి. ఆ తర్వాత కెప్టెన్లు వంతులవారీగా ఒక్కొక్కరిని ఎంచుకోవాలి, దాన్నే డ్రాఫ్ట్ అనేవాళ్ళం. వచ్చే సీజన్లో మొదట ఎంచుకునే వంతు, అంటే ఫస్ట్ పిక్, నిక్కరు దొరది. బాబాయ్‌ని ఇప్పుడే తనకిచ్చేస్తే ఆ మొదటి ఛాన్స్ నాకిచ్చేస్తానన్నాడు.

మా ఫ్లాట్‌లో ఒకడుండేవాడు, పళ్ళు తోముకోవడానికి కూడా ప్లాన్ వేసే రకం, అందుకే వాడి పేరు ప్లానింగ్. వాడిది కరీంనగర్. "అరే, మంచి ఛాన్స్ రా. బాబాయ్ ఇంకెన్నేండ్లు ఉరుకుతడు? మా ఊరి పోరడొకడు వచ్చే సెమిస్టర్ల ఈడికే చదువుకోనీకి వస్తుండు. ఆరడుగుల రెండంగుళాలు. కాలేజీల బాస్కెట్‌బాల్ ఆడిండు" అన్నాడు. తర్వాత వారం రోజులు మేము చేసింది అచ్చంగా పెళ్ళి సంబంధం వాకబు. ఫొటో తెప్పించుకున్నాం. ఎత్తు చెప్పులతో కలిపా, విడిగానా అని అడిగించాం. అలవాట్లు కనుక్కున్నాం. (వంట వచ్చట. దాంతో ఫ్లాట్‌లో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.)

బాబాయ్‌కి చెప్పాల్సిన పని మాత్రం ఏకగ్రీవంగా నాకే వదిలేశారు. ఆయన మధ్యాహ్నం డ్యూటీ దిగి బస్‌స్టేషన్ బెంచీ మీద టీ తాగుతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నిక్కరు దొర జట్టులో ఆయన ఆటకు ఇంకా మంచి అవకాశం ఉంటుందనీ, ఆయన బాగు కోసమేననీ ఏదేదో నసిగాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"సరే నాయనా, కెప్టెన్‌వి నువ్వు. పొమ్మంటే పోతాను. ఆ జట్టులో తెలుగు మాట్లాడేవాళ్ళు ఉండారా?"

"లేరు బాబాయ్."

"ఊఁ" అని తలూపి, డబ్బాలో మిగిలిన రెండు గారెలూ నా చేతిలో పెట్టాడు. తిన్నాను. సిగ్గుపడుతూనే రెండూ తిన్నాను.

రెండు వారాల తర్వాత నిక్కరు దొర జట్టుతోనే మాకు మ్యాచ్. వ్యాను లేదు కాబట్టి రెండు బస్సులు మారి చేరుకున్నాం. ఆట మొదలైంది. నేను గొంతెత్తి "ఎడమ పొడుగు" అని అరిచాను. ఎదుటి వరసలోంచి బాబాయ్ తల ఎడమకు తిరిగింది. నా చేతిలో బంతి అలాగే ఉండిపోయింది. ఎత్తు, అలవాట్లు, వంట, అన్నీ వాకబు చేసిన మహానుభావులం, మా రహస్య భాష తెలిసిన మనిషినే అవతలివాళ్ళ చేతిలో పెట్టామన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. ప్లానింగ్ పరిగెత్తుకొచ్చి, "హిందీల చెప్పు, హిందీల చెప్పు" అన్నాడు. హిందీలో అరిచాను. బాబాయ్ ముసిముసిగా నవ్వాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన ఇంట్లో మాట్లాడేది హిందీయే కదా. ఇక మిగిలింది ఇంగ్లీషు, అది మైదానంలో అందరికీ వచ్చు. ఇంకో భాష లేక, చేసేదేమీ లేక, మళ్ళీ తెలుగులోనే అరవడం మొదలుపెట్టాను.

చిత్రమేమిటంటే, వాళ్ళలో ఒక్కరూ మా ఎత్తులు కనిపెట్టలేదు. మేము ఎటు చెబితే అటు ఖాళీగానే ఉంది. అంత ఖాళీలోనూ మావాళ్ళు బంతులు వదిలేశారు, బాబాయ్ తన వైపు నాలుగు పట్టుకున్నాడు, మేము శుభ్రంగా ఓడిపోయాం. ఆట అయ్యాక నిక్కరు దొర వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "వచ్చేముందు మీవాళ్ళు ఏమైనా తినొచ్చు కదా, ఆట మధ్యలో అంత ఆకలైతే ఎలా?" అని నిజంగానే జాలిపడ్డాడు. నాకు అర్థం కాలేదు. "మీరు అరిచేదంతా తిండి గురించేనట కదా, మీ బాబాయ్‌ని అడిగితే చెప్పాడు" అన్నాడు.

నేను తిన్నగా వ్యాను దగ్గరికి వెళ్ళాను. "ఎందుకలా చెప్పారు బాబాయ్? మీరిప్పుడు వాళ్ళ జట్టు కదా."

"వాళ్ళ కోసం ఆడినాను కదా నాయనా, బంతి ఒక్కటీ వదల్లేదు. మన ఇంట్లో మాటలు బయట ఎట్లా చెప్తాం?" అని, "ఎక్కండి, దింపేస్తాను" అన్నాడు. ఎక్కాం. దారంతా ఆయన వాళ్ళ అవ్వ కబుర్లు చెబుతూ నడిపాడు.

కొత్త సీజన్ వచ్చింది. ఆఫీసు క్యాంటీన్‌లో డ్రాఫ్ట్ పెట్టారు. కరీంనగర్ కుర్రాడు ఫొటోలోకంటే ఇంకో అంగుళం ఎక్కువే ఉండి, గోడకానుకుని నిలబడ్డాడు. జాబితా చూశాను. అందులో అట్టడుగున బాబాయ్ పేరుంది. మోకాలు నొప్పి అంటున్నాడని నిక్కరు దొర ఆయన్ని ఉంచుకోలేదు. ప్లానింగ్ నా చెవిలో, "పరేషాన్ కాకు. ఆయన్ని ఎవ్వరు తీస్కోరు, చివర్ల మనమే తీస్కుందాం. ముందుగాల పోరణ్ణి తీస్కో" అన్నాడు. ఎటు చూసినా వాడన్నదే సరి. బాబాయ్ మూలన కుర్చీలో, డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అందరి పేర్లూ అయిపోయేదాకా అక్కడే కూర్చుని, చివర్లో ఇంకెవరూ మిగల్లేదు గనక పిలిపించుకోవాలి. అది తలుచుకుంటే నావల్ల కాలేదు. మొదటి ఛాన్స్ నాది. లేచి బాబాయ్ పేరు చెప్పాను.

క్యాంటీనంతా ఒకటే నవ్వులు. ప్లానింగ్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పొడుగు కుర్రాణ్ణి ఆ తర్వాతి వంతులో నిక్కరు దొర ఎగరేసుకుపోయి, ఆ ఏడాది కప్పు కొట్టాడు. మేము మళ్ళీ మూడో స్థానం. బాబాయ్ మాత్రం ఆర్నెల్లపాటు తన బస్సెక్కిన తెలుగువాళ్ళందరికీ, ఎక్కని కొందరికీ కూడా, "మొదటి పేరు నాదే పిలిచినారు" అని చెప్పుకున్నాడు.

ఇప్పుడు అదే నగరానికి దక్షిణాన టకానినిలో ఇల్లు కొనుక్కుని, మోకాలికి పట్టీ వేసుకుని, మా అబ్బాయి ఆటను గట్టు మీద కూర్చుని చూసే దశకు వచ్చాను. ఆ ఇరవై నాలుగేళ్ళ కెప్టెన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడికి ఆటా తెలియదు, బేరమూ తెలియదు. మొన్న ఆదివారం వంటింట్లోంచి మా ఆవిడ నా ఫోన్ పట్టుకొచ్చి, "ఫస్ట్ పిక్ అని వస్తోంది, ఎవరండీ?" అంది. అందుకుని చెవికి పెట్టుకున్నాను. "ఏం లేదు నాయనా, ఊరికే చేసినాను. ఏదన్నా మాట్లాడు, వింటాను" అంది అవతలి గొంతు. ఏం మాట్లాడాలో తోచక, ఆ పూట మా ఇంట్లో ఏం కూరో చెప్పడం మొదలుపెట్టాను.